ఇంటివంటయా, అంగడితిండియా – ఏది చవుక?



ఈ సాయంకాలము నేను ప్రసంగింపదలచిన విషయము రాజ్యములకు గాని యుద్ధములకు గాని సంబంధించినది కాదు, పొయ్యికి సంబంధించినది. వీపనగండ్ల వంటి మండలకేంద్రమున ప్రొద్దు గ్రుంకువేళ బస్సు దిగి నాలుగడుగులు నడచినవారికి ఈ విషయమును ఒకరు చెప్పనక్కరలేదు. వెనుక ఆ వేళకు ఇంటింట జొన్నరొట్టె చరచు చప్పుడు వినబడెడిది. నేడు వీధిబండిమీద ఇనుపమూకుడులో గరిటె కొట్టు చప్పుడు వినబడుచున్నది. మిరపకాయ బజ్జీలును, ఇడ్లీదోసెలును మనకు క్రొత్తవి కావు. కాని వాని ప్రక్కనే నేడు ఫాస్టుఫుడ్డు అను పలక వెలసినది. అచ్చట వేపుడన్నము, నూడుల్సు, మంచూరియా ఐదు నిమిషములలో సిద్ధమై పొట్లములుగా ఇండ్లకు పోవుచున్నవి.

దీనికి పిల్లల జిహ్వచాపల్యమే కారణమని పెద్దలలో పలువురు అనుకొందురు. నేనును అట్లే అనుకొంటిని. కాని ఒకనాటి సాయంకాలము పొట్లములు కట్టించుకొనుచున్న ఒక కూలితల్లిని అడిగినప్పుడు ఆమె చెప్పిన సమాధానము నన్ను ఆలోచింపజేసినది. “ఏం జేయాలె పెద్దయ్యా! పొద్దంతా కలుపు దీసి వస్తిమి. గిప్పుడు పొయ్యి ముట్టిచ్చి, పిండి పిసికి, కూర దెచ్చి వండితే అయ్యే ఖర్చుకన్న గిదే అగ్గువ” అని ఆమె యనెను. ఈ మాటలో రెండు వాదములు ఉన్నవి. ఒకటి పైసలకు సంబంధించినది. రెండవది అలసటకు సంబంధించినది. రెండింటిని విడదీసి తూచిననే గాని నిజము తేలదు.

ముందుగా ఒక్క మాట. వెల యిచ్చి అన్నము తినుట నేటి దుర్గుణమని తలపరాదు. ఓరుగంటి నగరమును వర్ణించు క్రీడాభిరామములో లక్ష్మణవజ్ఝల అనువాని పూటకూటి యింట ఒక్క రూకకు సన్నబియ్యపన్నము, పిండివంట, పప్పు, నేయి, పెరుగు మొదలుగా సంపూర్ణభోజనము లభించెనని కలదు. గద్వాల సీమలోని ఇటిక్యాలపాడునకు చెందిన సురవరం ప్రతాపరెడ్డిగారు 1949లో వెలువరించిన ఆంధ్రుల సాంఘిక చరిత్రలో ఇట్టి విశేషములనుండియే మన పూర్వుల అన్నపానములను, ఆచారములను ఏర్చి కూర్చిరి. కాని ఆ పూటకూళ్ళ యింట భుజించినవా రెవరు? బాటసారులు, పొయ్యి దూరమైనవారు. పొయ్యి యింటనే యుండగా కుటుంబమంతయు వీధితిండికి చేయి చాచుట వేరు సంగతి. మన లెక్క ఈ రెండవదానిని గూర్చినది.

ఇక లెక్కకు వత్తము. నేను చెప్పు ధరలు ఊరూరికి, నెలనెలకు మారునవి. కావున వీనిని వేదవాక్యములుగా గొనక, మీ ఊరి ధరలు వేసికొని మీరును లెక్కింపుడు. ఐదుగురున్న కుటుంబము, ఒక్క రాత్రిపూట భోజనము. వీధిబండి వద్ద కోడిగ్రుడ్డు వేసిన వేపుడన్నము ప్లేటు 70 రూపాయలనుకొందము. ఐదు ప్లేట్లకు 350 రూపాయలు.

అదే రాత్రి యింట జొన్నరొట్టె, పుంటికూర పప్పు, పల్లీల పొడి, పెరుగు అనుకొందము. జొన్నపిండి ముప్పాతిక కిలో, కిలో 50 చొప్పున 38 రూపాయలు. కందిపప్పు 150 గ్రాములు 20 రూపాయలు. పుంటికూర కట్టలకు 20. ఉల్లి, మిరప, వెల్లుల్లి, ఉప్పు కలిపి 15. నూనె 50 మిల్లీలీటర్లు 8. పల్లీలు 100 గ్రాములు 15. పెరుగు అరలీటరు 30. పొయ్యి గ్యాసునకు 10. మొత్తము 156 రూపాయలు. అనగా మనిషికి 31 రూపాయలు. వీధిబండి యొద్ద దీనికి రెండింతలకు పైగా వ్యయమగును. చేనిలో పండిన జొన్నలు, పెరటిలోని కూర, కొట్టములోని గేదె గలవారికి ఈ 156 రూపాయలును చేతినుండి పోవు పైసలు కావు.

“అమ్మ చేసిన పనికి కూలి ఏది?” అని మీరడుగవచ్చును. అడుగవలసిన ప్రశ్నయే. ఇంటివంట చవుక అని వాదించువారు పెక్కుమంది ఈ ప్రశ్నను దాటవేయుదురు. మనము దాటవేయరాదు. 2025-26 సంవత్సరమునకు తెలంగాణలో ఉపాధిహామీ పనికి నిర్ణయింపబడిన దినకూలి 307 రూపాయలు. దినమునకు ఎనిమిది గంటలు పని యనుకొనిన గంటకు 38 రూపాయలు. ఈ వంటకు గంటన్నర పట్టునేని 58 రూపాయలు. అదియు కలుపగా ఇంటివంట వ్యయము 214 రూపాయలు. అప్పటికిని 350 రూపాయలకు చాల తక్కువయే. కావున పైసల తక్కెడలో, కుటుంబమునకు సంబంధించినంతవరకు, ఇంటివంటయే చవుక యని తేలుచున్నది.

వారమునకు రెండు మారులు వీధిపొట్లములు తెచ్చుకొను కుటుంబమును తీసికొందము. ఒక్కొక్క పూటకు చేతినుండి అధికముగా పోవునవి 194 రూపాయలు. వారమునకు 388. సంవత్సరమునకు 52 వారములు గనుక 20,176 రూపాయలు. ఒక్కొక్క రాత్రి చిల్లరగా కనబడు ఈ పైసలే ఏడాది తిరుగునప్పటికి పిల్లవాని చదువునకు గాని, విత్తనములకు గాని షావుకారువద్ద వడ్డీకి తేవలసిన పైకమగుచున్నవి. చిల్లుకుండలోని నీరు చుక్కచుక్కగానే పోవును. కుండ మాత్రము ఖాళీయగును.

అయినను ఈ తీర్పు అందరికిని చెల్లదు. మన పాలమూరు సీమనుండి పనికై హైదరాబాదు పోయి, ఒంటరిగా ఇరుకుగదిలో నుండు యువకుని మాట వేరు. ఒక్కనికై పొయ్యి, పాత్రలు, సిలిండరు సమకూర్చుకొని, పావుకిలో కూర కొని సగము పారవేయవలసినవానికి ఇంటివంట చవుక కాకపోవచ్చును. 2014లో హైదరాబాదు నగరమున 5 రూపాయలకు భోజనము పెట్టు అన్నపూర్ణ కేంద్రములు ప్రారంభమైనవి. అట్టి భోజనముతో ఏ ఇంటి పొయ్యియు పోటీపడజాలదు. కాని అది ఐదు రూపాయల భోజనము కాదు. మిగిలిన వ్యయము ప్రజాధనమునుండి వచ్చుచున్నది. అట్లే 2025 ఉగాదినుండి రేషను దుకాణములలో కార్డుదారులకు మనిషికి 6 కిలోల సన్నబియ్యము ఉచితముగా నిచ్చు పద్ధతి మొదలైనది. అందుచేత బియ్యము తిను పేదయింట వంటవ్యయము నేను వేసిన లెక్కకంటెను తగ్గును. అదే సమయమున ఉచితమైన బియ్యముముందు కొనవలసిన జొన్న ప్రియముగా దోచును. జొన్న మనకు దూరమగుటకు ఇదియు నొక కారణము. 2025-26లో కేంద్రప్రభుత్వము ప్రకటించిన జొన్నల మద్దతుధర క్వింటాలునకు సుమారు 3,700 రూపాయలు, అనగా కిలోకు 37 రూపాయలు. పండించిన రైతు తానే కొంత నిలువజేసికొన్నచో పిండిధర ఇంకను దిగును.

ఈ వాదము మన యొద్దనే పుట్టినది కాదు. ఇట్టి అంగడితిండికి పుట్టినిల్లు వంటిదైన అమెరికాలో 2011లో మార్కు బిట్మన్ అను పాత్రికేయుడు న్యూయార్కు టైమ్సు పత్రికలో ఇదే లెక్క వేసెను. నలుగురి కుటుంబము పేరుగల అంగడిలో తినుటకు సుమారు 28 డాలర్లగుననియు, కోడిమాంసము, కూరలు, పాలు కలిపి యింట వండుకొనిన 14 డాలర్లు చాలుననియు, అన్నము చిక్కుళ్ళతో సరిపెట్టుకొనిన 9 డాలర్లతో ముగియుననియు చూపెను. అయితే వ్యతిరేకవాదులును ఊరకుండలేదు. శక్తిని కొలుచు క్యాలరీల లెక్కను చూచినచో నూనె, చక్కెర, మైదాలతో చేసిన తిండియే చవుక యని వారి వాదము. 2012లో ఆ దేశపు వ్యవసాయశాఖ పరిశోధకులు దీనిని పరిశీలించి, ఏది చవుక యనునది ఏ కొలతతో కొలచెదమను దానిపై నాధారపడునని తేల్చిరి. క్యాలరీల చొప్పున చూచినచో కూరగాయలు ప్రియము. తూనిక చొప్పున, తిను వంతు చొప్పున చూచినచో అవియే చవుక.

కావున మనము దేనిని కొనుచున్నామో చూడవలెను. కడుపు నిండుట ఒకటి, ఒడలు నిలుచుట మరియొకటి. మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరులో మొదలై 1958లో హైదరాబాదునకు వచ్చినది. ఆ సంస్థ విశ్లేషణల ప్రకారము 100 గ్రాముల జొన్నలలో మాంసకృత్తులు సుమారు 10 గ్రాములు, పీచు సుమారు 10 గ్రాములు. మరబట్టిన తెల్లబియ్యములో మాంసకృత్తులు 8 గ్రాములు, పీచు 3 గ్రాములకు లోపు. కందిపప్పులో మాంసకృత్తులు దాదాపు 22 గ్రాములు, పల్లీలలో దాదాపు 24 గ్రాములు. ఈ లెక్కన మనము చెప్పుకొన్న రొట్టె, పప్పు, పల్లీలు, పెరుగు తినినవానికి ఆ పూట సుమారు 29 గ్రాముల మాంసకృత్తులు చేరును. 65 కిలోల పురుషునకు దినమునకు కావలసినవి 54 గ్రాములు; సగమునకు పైగా ఒక్క పూటలోనే సమకూడినవి. వేపుడన్నపు ప్లేటులో నూరు గ్రాముల బియ్యము, ఒక గ్రుడ్డు ఉన్నవనుకొనిన 14 గ్రాములు మాత్రమే. సగము సరకునకు రెండింతల వెల!

దీనిపైన నూనె, ఉప్పుల ప్రసక్తి కలదు. 2024లో ఆ సంస్థయే ప్రకటించిన ఆహారసూత్రములలో ఉప్పు దినమునకు 5 గ్రాములు మించరాదని కలదు. ఉప్పుతో గూడిన సాసులు, రుచిపొడులు పలుమారులు చల్లిన తిండిలో ఎంత ఉప్పు పడినదో తినువానికి తెలియదు. ఇంట వండిన తల్లికి తెలియును. నూనెను మరల మరల కాచినకొలది అది విషతుల్యమగు పదార్థములను పుట్టించును. అట్టి పదార్థములు 25 శాతము మించిన నూనెను వాడరాదని భారత ఆహారభద్రతా సంస్థ చేసిన నిబంధన 2018 జూలై 1నుండి అమలులోనికి వచ్చినది. కాని సందుసందున నిలుచు ప్రతి బండియొద్దను ఆ నూనెను పరీక్షించువా రెవరు?

ఫలితము మన కన్నుల యెదుటనే యున్నది. 2023లో ప్రకటింపబడిన భారత వైద్యపరిశోధన మండలి వారి దేశవ్యాప్త పరిశీలన ప్రకారము దేశమున 10 కోట్లకు పైగా జనులకు మధుమేహము కలదు. పెద్దవారిలో నూటికి 35 మందికి పైగా రక్తపుపోటు కలదు. ఇవన్నియు వీధిబండి వలననే వచ్చినవనుట అన్యాయము. వంశము, వయస్సు, పొగాకు, మద్యము, కదలికలేని బ్రతుకు, ఇంటిలోని తెల్లన్నము సైతము ఇందులో పాలుగొన్నవి. కాని ఒకమారు ఈ రోగములు వచ్చినపిదప మాత్రలకు నెలనెల పెట్టు పైకమును, పట్నపు వైద్యునికడకు పోవు బస్సుచార్జీని, పోయిన కూలిని ఆ 70 రూపాయల ప్లేటు వెలలో ఎవరును కలుపరు.

గ్రామముల వ్యయముల తీరు ఎట్లు మారినదో ప్రభుత్వపు లెక్కలే చెప్పుచున్నవి. 2022-23లో జరిగిన కుటుంబవ్యయ పరిశీలన ప్రకారము, భారత గ్రామీణుడు వెచ్చించు 100 రూపాయలలో సుమారు 46 రూపాయలు తిండికి పోవుచున్నవి. అందులో ధాన్యములకు పోవునది 5 రూపాయలకు లోపు. పానీయములు, ఫలహారములు, తయారుచేసిన తిండ్లు – వీనికి పోవునది 9 రూపాయల 60 పైసలు! రేషను బియ్యము చవుకగా లభించుటచేత ధాన్యపు పద్దు తగ్గినమాట నిజమే. అయినను తయారుతిండ్ల పద్దు ధాన్యపు పద్దునకు రెండింతలకు దగ్గరగా నుండుట మనము ఆగి చూడవలసిన సంగతి.

ఇప్పుడు ఆ కూలితల్లి చెప్పిన రెండవ మాటకు వత్తము. పైసల లెక్కలో ఆమె పొరబడినది. అలసట లెక్కలో ఆమె పొరబడలేదు. నేను వంటకు గంటన్నర వేసి, దానికి 58 రూపాయలు కట్టితిని. కాని దినమంతయు నడుము వంచి పనిచేసివచ్చిన మనిషికి ఆ తరువాతి గంటన్నర వెల 58 రూపాయలు కాదు. 2019లో దేశవ్యాప్తముగా జరిగిన కాలవినియోగ పరిశీలనలో ఇంటిపనులు చేయు స్త్రీలు దినమునకు 299 నిమిషములు, పురుషులు 97 నిమిషములు ఆ పనులకు వెచ్చించుచున్నట్లు తేలినది. అందులోను నూరుగురు స్త్రీలలో 81 మంది ఇంటిపని చేయుచుండగా, నూరుగురు పురుషులలో 26 మంది మాత్రమే చేయుచున్నారు. ఇరువురును ఒకే చేనినుండి తిరిగివచ్చుచున్నారు. ఒకరు అరుగుమీద కూర్చుండుచున్నారు. మరియొకరు పొయ్యివద్దకు పోవుచున్నారు. ఆమె ఒకనాడు పొయ్యి మానివేసి పొట్లములు తెచ్చినచో మనము “కాలము చెడినది” అనుచున్నాము. కాలము చెడలేదు, పని పంపకము చెడినది.

అందుచేత ఇంటివంట మంచిదని చెప్పుటకు మనకు హక్కు రావలెనన్న, ఆ వంటలో మన చేయి పడవలెను. ఈ మాట నేను మొదట నాకు చెప్పుకొని పిదప మీకు చెప్పుచున్నాను. పగలు ఇంటిపట్టున నుండు పెద్దలము ఆకుకూర ఏరి కడిగి పెట్టవచ్చును. పప్పు నానవేయవచ్చును. ఉల్లి, మిరప తరిగి యుంచవచ్చును. పల్లీలు వేయించి, దంచి వారమునకు సరిపడు పొడి చేయవచ్చును. ఈ పనులలో ఏదియు మన మర్యాదను తగ్గించునది కాదు. పెండ్లిండ్లలోను, జాతరలలోను నూర్లమందికి వండు మగవారు ఇంట నలుగురికి వండుట నామోషి యనుకొనుట వింత గాదా? ఈ విధముగ సగము పని ముందే ముగిసినచో సాయంకాలపు గంటన్నర ముప్పాతిక గంటకు దిగును.

మన పూర్వులు అలసినవారికై వండని వంటలను సైతము ఏర్పరచిరి. రాత్రి జొన్నపిండి పులియవేసి ఉదయమున కాచిన అంబలి, మజ్జిగ కలిపిన గటక, పొయ్యి అక్కరలేని పచ్చిపులుసు, చేనికి మోసికొనిపోయిన సద్దిమూట – ఇవన్నియు ఆ కాలపు తొందరతిండ్లే. రొట్టెలను పలుచగా చరచి ఎండబెట్టి దినములకొలది నిలువజేయు వాడుక మన పొరుగున రాయచూరు వైపున నేటికిని కలదు. రొట్టె చరచుట రాని క్రొత్తకోడళ్ళను నిందించుటకంటె, రొట్టెలు చేసి యమ్ము స్త్రీలయొద్ద రొట్టెలు మాత్రము కొని, పప్పు కూరలు ఇంట చేసికొనుట మేలు. రొట్టె 15 రూపాయలనుకొనిన పది రొట్టెలకు 150, మిగిలిన వంటకు 118, మొత్తము 268. అప్పటికిని 350కి లోపే. రొట్టెలు చేసిన ఆడకూతురునకును నాలుగు పైసలు దక్కును.

వీధిబండివానిని శత్రువుగా చూడుమని నా యభిప్రాయము కాదు. ఆతడును మన ఊరివాడే. అప్పు చేసి బండి పెట్టి అర్ధరాత్రివరకు నిప్పుసెగలో నిలుచున్నాడు. పండుగకో, సంతనాడో, ప్రయాణములోనో అతనియొద్ద ఒక ప్లేటు తినుట వలన ఏ సంసారమును కూలదు. నూనె మార్చుమని, ఉప్పు తగ్గించుమని, ఉడికించిన శనగలు, పెసలు అమ్ముమని అడుగు గిరాకీ యున్నచో ఆతడును అవియే యమ్మును. గిరాకీని బట్టియే అంగడి నడచును. ఆ మాట అడుగగల పెద్దరికము మీకు కలదు.

తుదకు నా మనవి యిది. రేపొక కాగితము తీసికొని మీ యింట ఒక నెల బయటితిండికి పోయిన పైకమును వ్రాయుడు. దాని ప్రక్కనే ఆ నెలలో ఇంట ఎవరెవరు ఎన్ని గంటలు పొయ్యివద్ద నిలిచిరో వ్రాయుడు. మొదటి పద్దు చూచి పిల్లలను మందలింపబోవువారు రెండవ పద్దును చూచుకొని మందలింపవలెను. ఆ రెండవ పద్దులో మీ పేరు లేనియెడల ఆ కాగితమును మడచిపెట్టి, ఆ సాయంకాలము పుంటికూర కట్ట విప్పి ఏరుటకు కూర్చుండుడు. ఇంటివంట చవుకయే, సందేహము లేదు. కాని ఒక్కరి వెన్నుమీదనే మోపిన చవుక ఎక్కువ దినములు నిలువదు. నలుగురు పంచుకొనిన చవుకయే నిలుచును.